రాఖ్మానినోవ్ పగనీని రాప్సొడీ: పద్దెనిమిదో వేరియేషన్ ఒక్కటే వింటే సరిపోతుందా?

సాయంత్రపు రేడియో:
ఈ వారం వినడానికి రష్యన్ స్వరకర్త, పియానిస్టు సెర్గేయ్ రాఖ్మానినోవ్ రాసిన పగనీని రాప్సొడీ తీసుకుందామండీ, అంటే ఇటలీ వయొలిన్ విద్వాంసుడు పగనీని ట్యూన్ మీద కట్టిన రచన. ఓపస్ 43 (స్వరకర్త రచనలకు వేసే వరస సంఖ్య), 1934లో రాసింది, పియానోకీ ఆర్కెస్ట్రాకీ. ఒక చిన్న థీమ్ (మూల ట్యూన్), దాని మీద 24 వేరియేషన్లు (అదే ట్యూన్‌ను రకరకాలుగా మార్చి వాయించేవి), మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒకదాని వెంట ఒకటి. మొత్తం కలిపి 22, 23 నిమిషాలు.

ఇదే ఎందుకంటే, మనలో చాలామందికి ఇందులోని పద్దెనిమిదో వేరియేషన్ పేరు తెలియకపోయినా చెవికి తెలుసు. సినిమాల్లో, ప్రకటనల్లో, నిద్రపట్టడానికి వినే పియానో ప్లేలిస్టుల్లో ఎక్కడ విన్నా ఆ మూడు నిమిషాల ముక్కే. మిగతా ఇరవై మూడు ఎవరికీ పట్టవు. ఆ మూడు నిమిషాలు మనసును అంతలా కదిలించడానికి కారణం దాని ముందున్న పదిహేడే అని నా గట్టి నమ్మకం. మీ అభిప్రాయాలు రాయండి.

కొత్త శ్రోత:
నేను ఆ ముక్క మాత్రమే వినే మనిషినండీ. పడుకునే ముందు అదే పెట్టుకుంటాను. మీరు రాశారని నిన్న మొత్తం విన్నాను. మొదటి పది నిమిషాలు టెన్షన్‌గా అనిపించింది. ఒక ట్యూన్ పట్టుకునేలోపు ఇంకోటి వచ్చేస్తుంది. ఎక్కడ ఒక వేరియేషన్ అయిపోయి ఇంకోటి మొదలైందో కూడా తెలియలేదు. అంత అందమైన భాగం చేతిలో ఉన్నప్పుడు దాన్నే వింటే తప్పేముంది? ఇది వాదన కోసం అడగడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.

ఏ మైనర్:
తప్పేమీ లేదండీ. కానీ వేరియేషన్లను ఒక్కొక్కటిగా లెక్కపెడుతూ వినకండి, అలా వింటే ఎవరికైనా తల తిరుగుతుంది. కొన్ని ఇరవై క్షణాల్లో అయిపోతాయి. నేను పియానో పాఠాలు చెప్తాను, పిల్లలకు ఇలా విడదీసి చెప్తుంటాను.

ఇది పైకి 24 ముక్కల మాల, లోపల మాత్రం కన్సర్టో, అంటే ఒక వాద్యం ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే, సాధారణంగా వేగం, నెమ్మది, వేగం అని మూడు భాగాలుండే రచన. ఒకటి నుంచి పది దాకా వేగమైన మొదటి భాగం, అంతా ‘ఏ’ స్వరం ఆధారమైన ఏ మైనర్‌లోనే ఉంటుంది (మైనర్ అంటే దిగులు ఛాయ గల స్వరవరస, మేజర్ అంటే వెలుగు ఛాయ గలది). పదకొండు వంతెన: తీగల వాద్యాలు సన్నగా వణుకుతుంటే పియానో తాళం కట్టు వదిలేసి తనలో తను మాట్లాడుకుంటుంది. పన్నెండులో డి మైనర్‌లో మినుయెట్ అనే పాతకాలపు నాట్యపు నడక మొదలవుతుంది. అక్కడి నుంచి పద్దెనిమిది దాకా మధ్య భాగం. పద్నాలుగు, పదిహేను ఎఫ్ మేజర్‌లో వెలుగుగా ఉంటాయి, పదహారు, పదిహేడు బి ఫ్లాట్ మైనర్‌లో చీకటిగా, పద్దెనిమిది డి ఫ్లాట్ మేజర్‌లో. పందొమ్మిదితో మళ్లీ ఏ మైనర్‌కి వచ్చేసి చివరిదాకా పరుగే.

ఏ మైనర్ నుంచి డి ఫ్లాట్ మేజర్ చాలా దూరపు ఊరు. నేరుగా అక్కడ దింపితే చెవికి ఆ దూరం తెలియదు. మెట్టు మెట్టుగా నడిపించుకుంటూ వెళ్లాడు కాబట్టే అక్కడికి చేరినప్పుడు ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. ముఖ్యంగా పదిహేడు గమనించండి. అందులో పాడుకోవడానికి ట్యూనే లేదు. పియానో కింది స్థాయిలో గొణుగుతూ తడుముకుంటూ ఉంటుంది. ఆ తడుములాట విన్నాక పద్దెనిమిది వినండి, ఆ తేడా మీకే తెలుస్తుంది.

నాలుగు తీగలు:
ఈ థీమ్ మా వయొలిన్ వాళ్లదండీ! దాని గురించి కొంచెం రాయకుండా ఉండలేను.

నికోలో పగనీని 1782లో జెనోవాలో పుట్టాడు. ఒంటి వయొలిన్ కోసం 24 కప్రీస్‌లు (విద్య చూపించే చిన్న రచనలు) రాశాడు. అవి 1820లో ఓపస్ 1గా అచ్చయ్యాయి. అంకితం ఏ రాజుకో ధనికుడికో కాదు, కళాకారులకు. ఆ 24లో చివరిదే ఈ ఏ మైనర్ కప్రీస్. అది కూడా థీమూ వేరియేషన్లే: పదకొండు వేరియేషన్లు, ఆపైన ముగింపు. ఒక్కో వేరియేషన్‌లో ఒక్కో విద్య. ఒకదాంట్లో అష్టమ స్వరాలు జంటగా, ఒకదాంట్లో పదో స్వరాలు జంటగా, తొమ్మిదోదాంట్లో ఎడమ చేతి వేళ్లతోనే తీగలు మీటాలి. కమాను పట్టుకున్న చెయ్యి ఒక పని చేస్తుంటే తీగలు నొక్కే చెయ్యే మీటడం కూడా చేస్తుంది.

థీమ్ చాలా చిన్నది. మొదటి నాలుగు బార్లు (తాళం గళ్లు) రెండుసార్లు, తర్వాత ఎనిమిది బార్లు, అంతే. ఎముకల గూడులా ఉంటుంది కాబట్టే ఎవరికి నచ్చిన కండ వాళ్లు పట్టించారు. 1832లో పారిస్‌లో పగనీని కచేరీ విన్న కుర్ర పియానిస్టు ఫ్రాంజ్ లిస్ట్, పియానో మీద తానూ అంతటివాడు కావాలని పట్టుబట్టి సాధన చేశాడు. ఈ కప్రీస్‌ను పియానోకు మార్చాడు. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ ఓపస్ 35లో దీని మీద రెండు పుస్తకాల వేరియేషన్లు రాశాడు. రాఖ్మానినోవ్ చేతికి వచ్చేసరికి ఈ ట్యూన్‌కి వందేళ్లు దాటాయి. అప్పటికే ఇందరు తవ్విన గనిలోంచి ఇంకా బంగారం తీయడం మామూలు ధైర్యం కాదు.

మంద్రస్థాయి:
మన సంగీతం నేర్చుకున్నవాళ్లు ఒక చిన్న పని చేసి చూడండి. ఈ చర్చకు అసలు సమాధానం అందులోనే ఉంది.

థీమ్ ఏ మైనర్‌లో ఉంది కాబట్టి ‘ఏ’ స్వరాన్ని షడ్జమం అనుకోండి. మొదటి పలుకు: స గ రి స, ఆ తర్వాత కింది ప. సాధారణ గాంధారం, చతుశ్శ్రుతి రిషభం. దానికి జవాబుగా వచ్చేది: ప ని ద ప. కాకలి నిషాదం, చతుశ్శ్రుతి ధైవతం. స్వరస్థానాల వరకే చూస్తే గౌరీమనోహరి. రాగం అనడం లేదు, గమకం లేదు, ఆ నడకా వేరు. గుర్తు పెట్టుకోవడానికి చెప్తున్నాను.

ఇప్పుడు పద్దెనిమిదికి రండి. ‘డి ఫ్లాట్’ షడ్జమం అనుకోండి. ప గ మ ప, ఆ తర్వాత పై స. అంతర గాంధారం, శుద్ధ మధ్యమం. శంకరాభరణం స్వరాలు.

రెండూ పక్కపక్కన పెట్టి, నల్ల మెట్లు తెల్ల మెట్లు అన్నీ కలిపి లెక్కేయండి. థీమ్‌లో స నుంచి గ మూడు మెట్లు పైకి, ఇక్కడ ప నుంచి గ మూడు మెట్లు కిందికి. అక్కడ గ నుంచి రి ఒకటి కిందికి, ఇక్కడ గ నుంచి మ ఒకటి పైకి. అక్కడ రి నుంచి స రెండు కిందికి, ఇక్కడ మ నుంచి ప రెండు పైకి. అక్కడ స నుంచి కింది ప ఐదు కిందికి, ఇక్కడ ప నుంచి పై స ఐదు పైకి.

ఒక్క మెట్టు కూడా తేడా లేదు. మీరు రాత్రిపూట వింటున్న ఆ ప్రేమగీతం, కొత్త శ్రోత గారూ, పగనీని థీమే. తలకిందులు చేసి, నెమ్మదిగా నడిపించి, మైనర్ నుంచి మేజర్‌కి మార్చాడు. మీకు టెన్షన్ పెట్టిన ట్యూనూ మీకు నిద్ర పట్టించే ట్యూనూ ఒకటే.

కొత్త శ్రోత:
హార్మోనియం ముందు కూర్చుని రెండూ వాయించి చూశాను మంద్రస్థాయి గారూ. ఒళ్లు జలదరించింది. ఇన్నాళ్లూ వింటున్నదాని లోపల ఇంత లెక్క ఉందని ఎవరూ చెప్పలేదు.

ఒక్క అనుమానం. ఈ లెక్క తెలియకుండానే కదా నాకు అది నచ్చింది? మరి లెక్క తెలియడం వల్ల వినడంలో ఏం మారుతుంది?

బెజవాడ బాబాయ్:
మంచి ప్రశ్న అడిగావమ్మా. లెక్క చెవికి తెలియక్కర్లేదు. చెవి పోలికను పట్టుకుంటుంది, పేరు పెట్టలేదంతే. పావుగంట సేపు స గ రి స, స గ రి స అని నూరు రకాలుగా విన్న చెవికి, అదే ఎగుడుదిగుడు ఎదురుగా తిరిగి వస్తే ‘ఇది నేనెరిగినదే’ అనిపిస్తుంది. కొత్తదీ అనిపిస్తుంది, తెలిసినదీ అనిపిస్తుంది. ముక్క ఒక్కటే వింటే కొత్తది మాత్రమే.

మన త్యాగరాజస్వామి కృతుల్లో సంగతులు తెలిసినవాళ్లకు ఇది కొంత దగ్గరగానే ఉంటుంది. పల్లవి మొదటి పాదాన్నే ఒక్కో సంగతికి ఒక్కో చోట పెంచుకుంటూ పోతాం. చివరి సంగతి ఒక్కటే విడిగా పాడితే విద్వత్తు కనిపిస్తుందేమో గానీ, మొదటి సంగతి నుంచి ఎక్కి వచ్చిన బరువు ఉండదు. అక్కడిదాకా పోలిక సరే. ఆ తర్వాత దారులు వేరు. మనం రాగం గడప దాటం. స్వరాల ఎక్కుదిగుడులను ఇలా తలకిందులు చేస్తే రాగమే మారిపోతుంది, కాబట్టి మనకు ఆ పద్ధతితో పని లేదు. వాళ్లకు శ్రుతి మార్చడం, మేజర్ మైనర్ మార్చడం, తలకిందులు చేయడం అన్నీ చేతిలో పనిముట్లే.

నాకు ఈ రచనలో మరీ ఇష్టమైనది మొదలు. కొన్ని క్షణాల ఉపోద్ఘాతం అయ్యాక థీమ్ రాదు. మొదటి వేరియేషన్ వచ్చేస్తుంది! థీమ్‌లోని ముఖ్య స్వరాలు మాత్రం పుల్లలు పేర్చినట్టు వినిపిస్తాయి. ఆ తర్వాతే వయొలిన్లు అసలు థీమ్ వాయిస్తాయి, అప్పుడు కూడా పియానో ఆ పుల్లలే పేరుస్తూ ఉంటుంది. బీథోవెన్ ఎరోయికా సింఫనీ ఆఖరి భాగంలో కూడా ట్యూన్ కంటే ముందు దాని కింది ఆధారమే వినిపిస్తుంది. అంత పేరున్న పియానో విద్వాంసుడు, తన కోసం తానే రాసుకున్న రచనలో, అసలు థీమ్‌ను మొదట వయొలిన్లకు ఇచ్చి తాను పక్కన నిలబడ్డాడు. ఆ మర్యాద నాకు చాలా నచ్చుతుంది.

తెల్లకాగితం:
నాది కొంచెం వేరే మాట. ఇది 1934. మేజర్ మైనర్ వదిలేసి పన్నెండు స్వరాలనూ సమానంగా చూసే షోన్‌బెర్గ్ పద్ధతి వచ్చి పదేళ్లు దాటింది. స్ట్రావిన్‌స్కీ కొత్త పోకడల బాలే ‘వసంతోత్సవం’ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అలాంటి కాలంలో పద్దెనిమిదో వేరియేషన్ లాంటిది రాయడం వెనక్కి నడవడం కాదా? నేను దాన్ని వింటే తీపి ఎక్కువైనట్టు ఉంటుంది. దాన్ని తన ఏజెంటు కోసం రాశానని రాఖ్మానినోవే అన్నాడని చెప్పుకుంటారు కూడా.

నాకు ఈ రచనలో నిజంగా గొప్పగా అనిపించేవి ఎవరూ మాట్లాడని ఏడు, పది. అక్కడ ఏదో భయం ఉంది.

సాయంత్రపు రేడియో:
తెల్లకాగితం గారూ, ఏడు గురించి ఎత్తినందుకు సంతోషం. అక్కడ పియానో వాయించేది పగనీని ట్యూన్ కాదు. ‘డియెస్ ఇరే’, మధ్యయుగం నుంచి కేథలిక్ చర్చిల్లో చనిపోయినవారి కోసం చేసే ప్రార్థనలో పాడిన కీర్తన, తీర్పు రోజు గురించి. పియానో పెద్ద పెద్ద కార్డ్‌లతో (ఒకేసారి మోగే స్వరాల గుత్తులతో) దాన్ని మెల్లగా మోగిస్తుంటే, కింద ఆర్కెస్ట్రాలో పగనీని థీమ్ నడుస్తూ ఉంటుంది. మళ్లీ పదిలో, ఆఖరి ఇరవై నాలుగులో అది తిరిగి వస్తుంది. రాఖ్మానినోవ్‌కు ఈ కీర్తన జీవితమంతా వెంటాడిన స్వరం. ‘మృతుల ద్వీపం’లో ఉంది, ఆఖరి రచన ‘సింఫనిక్ డాన్సెస్’లోనూ ఉంది. లిస్ట్ అయితే పియానో, ఆర్కెస్ట్రా కోసం రాసిన ‘టోటెన్‌టాంజ్’ మొత్తం ఈ కీర్తన మీది వేరియేషన్లే.

ఇక్కడికి ఎందుకు తెచ్చాడో ఆయనే తర్వాత చెప్పాడు. 1937లో నృత్య దర్శకుడు మిఖాయిల్ ఫోకిన్‌కు రాసిన ఉత్తరంలో ఈ రచనను బాలేగా ఎలా మలచవచ్చో సూచించాడు. కళలో పరిపూర్ణత కోసం, ఒక స్త్రీ కోసం పగనీని తన ఆత్మను దుష్టశక్తికి అమ్ముకున్నాడన్న పాత కథను తీసుకోమన్నాడు. డియెస్ ఇరే వచ్చే చోట్లన్నీ ఆ దుష్టశక్తి. పదకొండు నుంచి పద్దెనిమిది దాకా ప్రేమ ఘట్టం, పన్నెండులోని మినుయెట్‌తో ఆమె వస్తుంది. పందొమ్మిది పగనీని కళకు విజయం, తీగలు మీటే ఆ మాయావిద్య. ఇరవై మూడు మొదట్లో పగనీని ఆఖరిసారి కనిపిస్తాడు, ఓడిపోయి. ఫోకిన్ బాలే 1939లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో ప్రదర్శించారు.

పగనీనికి ఆ కథ బతికున్నప్పుడే అంటుకుంది. 1840లో నీస్‌లో చనిపోయినప్పుడు చర్చి ఖననానికి ఒప్పుకోలేదు. ఆ దేహానికి పార్మాలో సరైన చోటు దొరికేసరికి దశాబ్దాలు గడిచాయి.

ఇది తెలిశాక పద్దెనిమిదిలో తీపి ఒక్కటే ఉందని నేననుకోలేను. అది కొనుక్కున్న ప్రేమ. బేరం ఏడులోనే కుదిరింది, బాకీ ఇరవై నాలుగులో వసూలవుతుంది.

మంద్రస్థాయి:
డియెస్ ఇరే మొదటి నాలుగు స్వరాలు కూడా ఇదే షడ్జమానికి రాసి చూడండి: గ రి గ స. థీమ్‌లో ఉన్నది స గ రి స. అందులో గ రి స అనే దిగుదల ఎలాగూ ఉంది. మధ్యలో ఇంకో గ చేరిస్తే చావు కీర్తన అయిపోతుంది. పగనీని ట్యూన్‌లో అది ముందే దాగి ఉన్నట్టు రాఖ్మానినోవ్ చెవి పట్టేసింది. బయటి నుంచి తెచ్చి అతికించినట్టు ఎక్కడా అనిపించకపోవడానికి అదే కారణం.

డెలావేర్ తీరం:
నేనుండేది ఫిలడెల్ఫియా దగ్గర. ఈ రచనకు మా ఊరితో సంబంధం ఉంది కాబట్టి ఆసక్తిగా చదువుతున్నాను.

మొదటి ప్రదర్శన 1934 నవంబర్ 7న బాల్టిమోర్‌లో. వాయించింది ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా, కండక్టర్ లియొపోల్డ్ స్టొకోవ్‌స్కీ, పియానో దగ్గర రాఖ్మానినోవే. ఆ డిసెంబర్ 24న, క్రిస్మస్ ముందురోజు, నది అవతల కామ్డెన్‌లో అదే బృందంతో రికార్డు చేశారు. రాసిన మనిషి, మొదట వాయించిన ఆర్కెస్ట్రా, మొదటి కండక్టర్, ఏడు వారాల లోపు రికార్డు. ఇలాంటి అదృష్టం ఎన్ని రచనలకు దక్కింది?

తెల్లకాగితం గారు కాలం గురించి అన్నారు కదా, ఆయన బతుకు కూడా చూడాలి. 1917 చివర్లో కుటుంబంతో రష్యా వదిలేశాడు, మళ్లీ తిరిగి వెళ్లలేదు. అప్పటికి ఆయనకు 44 ఏళ్లు. ఆస్తి పోయింది, ఇల్లు గడవడానికి పియానో కచేరీలే దిక్కు. ఏటా నెలల తరబడి రైళ్లలో ఊరూరా తిరిగేవాడు. దేశం వదిలాక 1943లో చనిపోయేదాకా కొత్తగా ఓపస్ సంఖ్య వేసినవి ఆరే ఆరు. ఈ రాప్సొడీ వాటిలో నాలుగోది. స్విట్జర్లాండ్‌లో లుసెర్న్ సరస్సు ఒడ్డున కట్టుకున్న ‘సెనార్’ అనే ఇంట్లో, జూలై మొదట్లో మొదలుపెట్టి ఆగస్టు 18కి పూర్తి చేశాడు. ఆ ఇంటి పేరులో తన పేరూ భార్య నటాలియా పేరూ కలిపాడు. ఏళ్ల తర్వాత సొంత గూడు, సొంత బల్ల, కిటికీలోంచి సరస్సు. ఏడు వారాల్లో ఇంత రచన రావడానికి ఆ స్థిమితం కారణమని నేననుకుంటాను.

ఇక్కడి హాల్లో ఒకసారి దీన్ని ఎదురుగా విన్నాను. రికార్డులో తెలియనిది ఒకటుంది. పద్దెనిమిదిలో మొదట పియానో ఒక్కటే పాడుతుంది, ఆర్కెస్ట్రా అంతా చేతులు కట్టుకుని వింటుంది. తర్వాత వయొలిన్లన్నీ ఒక్కసారిగా అదే ట్యూన్ ఎత్తుకుంటాయి. అన్ని కమానులు ఒకే వైపు కదలడం చూస్తూ వింటే పక్కన కూర్చున్నవాళ్లు ఊపిరి బిగబట్టడం కూడా తెలిసింది.

తెల్లకాగితం:
కామ్డెన్ రికార్డు ఇప్పుడే వెతుక్కుని విన్నాను. పద్దెనిమిదిని ఆయన ఎక్కడా సాగదీయలేదు! ఇప్పటివాళ్లు ప్రతి శిఖరం దగ్గరా ఆగి వెనక్కి చూస్తారు. ఆయన ముందుకే వెళ్తాడు. నాకు తీపి ఎక్కువనిపించింది ఇన్నాళ్లూ వాయించిన తీరు వల్ల కూడా అయ్యుండొచ్చు. అయినా ఏడే నాకు మొదటి స్థానం, అందులో మార్పు లేదు.

ఏ మైనర్:
సరిగ్గా ఇదే నేను పిల్లలకు చెప్పేది. ఆ భాగాన్ని ఒంటి పియానోకు మార్చిన పుస్తకాలు తెచ్చి నేర్పమని చాలామంది అడుగుతారు. ఎడమ చేతిలో వెడల్పాటి మూడేసి స్వరాల అలలు ఉంటాయి. రాఖ్మానినోవ్ చెయ్యి మామూలు చెయ్యి కాదు, చాలా పెద్దది. మన చేతికి అందని చోట మణికట్టు జరపాలి తప్ప వేళ్లు చాచి నొప్పి తెచ్చుకోకూడదు. డి ఫ్లాట్ మేజర్ అంటే ఐదు ఫ్లాట్‌లని భయపడతారు గానీ, నల్ల మెట్ల మీద పొడవాటి వేళ్లు హాయిగా పడతాయి. షోపాన్ కూడా ఇలాంటి శ్రుతులనే ఇష్టపడ్డాడు. అసలు కష్టం వేళ్లలో లేదు, ఎక్కడా ఆగకుండా ఒకే ఊపిరిలా పొడవుగా వాయించడంలో ఉంది.

వేళ్ల కష్టం ఇరవై నాలుగులో ఉంది. చేతులు పియానో ఈ చివర నుంచి ఆ చివరకు గెంతుతూనే ఉండాలి. రాసినాయనకే ఆ గెంతుల దగ్గర బెదురుగా ఉండేదనీ, తోటి పియానిస్టు బెనో మొయిసేవిచ్ సలహా మీద ఒక గుటక పుదీనా లికర్ తాగి వాయించాడనీ, అప్పటి నుంచి దానికి ఆ లికర్ పేరే పెట్టుకున్నాడనీ సంగీత లోకంలో ఒక కథ బాగా ప్రచారంలో ఉంది.

కొత్త శ్రోత:
ఒక పాయింటు నాకు అనుకూలంగా దొరికింది! రాఖ్మానినోవ్ తన ‘కొరెల్లి వేరియేషన్లు’ కచేరీలో వాయించేటప్పుడు మధ్యలో కొన్ని వదిలేసేవాడట కదా? మరి ఆయనే వదిలేసినప్పుడు నేను వదిలేస్తే?

బెజవాడ బాబాయ్:
నిజమేనమ్మా. కొరెల్లి వేరియేషన్లు 1931 నాటివి, ఓపస్ 42, దీనికి ముందు రచన, ఒంటి పియానోకు. స్నేహితుడు నికొలాయ్ మెడ్ట్‌నర్‌కు ఉత్తరం రాస్తూ, జనం దగ్గినప్పుడల్లా తర్వాతి వేరియేషన్ వదిలేస్తున్నానని చెప్పాడు. దగ్గకపోతే వరసలో వాయించేవాడట. ఒక చిన్న ఊళ్లో దగ్గులు ఎంత ఎక్కువయ్యాయంటే 20లో 10 మాత్రమే వాయించాడట. మొత్తం 20 ఎప్పుడూ వాయించలేదని కూడా రాశాడు.

చదివితే నవ్వొస్తుంది గానీ నాకు బాధగానే ఉంటుంది. అంతటివాడు జనం దగ్గును బట్టి తన రచనను తానే తగ్గించుకున్నాడు. మూడేళ్ల తర్వాత రాసిన ఈ రాప్సొడీ చూడు. ఇందులో వదిలేయడానికి దారే లేదు. ఆర్కెస్ట్రా పక్కన ఉంది, అందరి ముందూ కాగితాలున్నాయి, వేదిక మీద మనసు మార్చుకుని ఒకటి దాటేస్తే బండి పట్టాలు తప్పుతుంది. పైగా ఒకదాని తోక ఇంకోదాని తలకు ముడేశాడు. ఈసారి ఎవరు దగ్గినా 24 వినాల్సిందే అన్నట్టు కట్టాడని నాకనిపిస్తుంది. అది నా ఊహ, ఆయన చెప్పింది కాదు.

కొత్త శ్రోత:
బాబాయ్ గారూ, ఇది చదివాక మళ్లీ మొదటి నుంచి పెట్టాను. ఈసారి పదహారు దగ్గర పని ఆపేసి కూర్చున్నాను. పదిహేడు అయ్యేసరికి, ఏం వస్తుందో తెలిసి కూడా, గుండె కొట్టుకుంది. పద్దెనిమిది అయిపోయాక పందొమ్మిది గభాలున రావడం మాత్రం ఇంకా కోపంగానే ఉంది. కొంచెంసేపు వదిలేస్తే ఏం?

ఇంకోటి. అంత హోరు తర్వాత చివర్లో ఇత్తడి వాద్యాలు డియెస్ ఇరే గర్జించాక, పెద్ద ముగింపు వస్తుందనుకుంటే పియానో రెండు మెతక స్వరాలతో తేల్చేసింది. ఎందుకలా?

నాలుగు తీగలు:
ఆ రెండూ మొదటి వేరియేషన్‌లో విన్న పుల్లలేనండీ. నేను దాన్ని ఇలా వింటాను: పెద్ద ముగింపుకి కావాల్సిన సరంజామా అంతా పోగుచేశాడు, వేగం, ఇత్తడి, డప్పు, తాళాలు అన్నీ. ఇక చప్పట్లు కొట్టడమే తరువాయి అన్నప్పుడు, ఇదంతా ఇంత చిన్నదానిలోంచి వచ్చిందని చూపించి లేచిపోయాడు. మూడో కన్సర్టో రాసిన మనిషికి హోరుగా ముగించడం రాక కాదు. అరవై దాటినవాడు కావాలని వద్దనుకున్నాడు.

డెలావేర్ తీరం:
హాల్లో ఆ చోట జనం ఒక క్షణం తెల్లబోయి తర్వాత చప్పట్లు కొట్టారు.

ఏ రికార్డింగ్ వినాలో ఎవరో ప్రైవేటుగా అడిగారు, ఇక్కడే రాస్తాను. రాఖ్మానినోవ్, స్టొకోవ్‌స్కీ 1934 తప్పనిసరి, పాత రికార్డు కాబట్టి గరగర ఉంటుంది, పట్టించుకోకండి. రూబిన్‌స్టైన్‌తో ఫ్రిట్జ్ రైనర్, షికాగో సింఫనీది హుందాగా ఉంటుంది. అష్కెనాజీతో ఆంద్రే ప్రెవిన్, లండన్ సింఫనీది మొదటిసారి వినేవాళ్లకు నేను ఇచ్చేది, ఆర్కెస్ట్రాలో ప్రతి పలుకూ వినిపిస్తుంది. కొత్తవాళ్లలో డానిల్ ట్రిఫొనోవ్, ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో, కండక్టర్ యానిక్ నేజే సెగాన్. మొదటిసారి వాయించిన ఆర్కెస్ట్రాయే ఎనభై ఏళ్ల తర్వాత అదే రచనకు ఎలా తిరిగొచ్చిందో పక్కపక్కన వినొచ్చు.

సాయంత్రపు రేడియో:
వచ్చే వారానికి ఇదే కుటుంబంలోంచి ఇంకోటి తీసుకుందామా? రెండు ఆలోచనలున్నాయి. హంగరీ పియానిస్టు ఎర్నో డోనాన్యీ 1914లో పియానో, ఆర్కెస్ట్రా కోసం రాసిన వేరియేషన్లు ఒకటి. అందులో థీమ్ మన పిల్లలు బళ్లో ‘ట్వింకిల్ ట్వింకిల్’ అని పాడే ట్యూనే. ఉరుములు మెరుపులతో ప్రళయంలాంటి ఉపోద్ఘాతం వాయించి, ఆ తర్వాత పియానో ఒక్కో వేలితో ఆ ట్యూన్ ఎత్తుకుంటుంది. రెండోది పోలండ్ స్వరకర్త లుటొస్లావ్‌స్కీ రాసిన పగనీని వేరియేషన్లు.

నాలుగు తీగలు:
నా ఓటు లుటొస్లావ్‌స్కీకి. థీమ్ ఇదే పగనీని కప్రీస్ కాబట్టి మనకు ఇప్పటికే చెవిలో ఉంది. 1941లో, జర్మన్ల చేతిలో ఉన్న వార్సాలో, కచేరీలు లేని రోజుల్లో లుటొస్లావ్‌స్కీ, ఆంద్జెయ్ పనుఫ్నిక్ అనే ఇద్దరు యువ స్వరకర్తలు కాఫీ హోటళ్లలో రెండు పియానోల మీద వాయించి పొట్టపోసుకునేవాళ్లు. దానికోసం రాసుకున్నది ఇది. వాళ్లిద్దరూ కలిసి తయారుచేసుకున్న మిగతావి దాదాపు అన్నీ యుద్ధంలో కాలిపోయాయి, ఇది మిగిలింది. 1978లో ఆయనే దీన్ని పియానోకీ ఆర్కెస్ట్రాకీ మార్చాడు.

రెండు పియానోల రూపం ఆరు నిమిషాలు కూడా ఉండదు, ముందు అది వినండి. పగనీని కప్రీస్‌ను వేరియేషన్ వెంట వేరియేషన్ అనుసరిస్తుంది కాబట్టి అసలు కప్రీస్ కూడా పక్కన పెట్టుకోండి. నేను కొత్త చర్చ తెరిచి రెండింటి లింకులూ పెడతాను.